హార్బర్ కాటా

గరికిన దానయ్య తన బరువుని
చేపల కాటా మీద చూసుకునేవాడు.
వంజరాలు దించాక, ఐసు ముక్కలు ఊడ్చాక
తడి రేకు మీద తానెక్కి నిలబడేవాడు.
ఉగాదికి అరవై ఒకటి.
వానలు పడ్డాక యాభై మూడు.
కార్తీకంలో నలభై నాలుగు.
"సేపనైతే ఈపాటికి నన్ను ఏలం ఎయ్యరు డాట్రమ్మా,
పిల్లికి పడేస్తారు."

నేను నవ్వలేదు. ఫైలు చూస్తున్నాను.
ఐదుసార్లు అవే విరేచనాల మాత్రలు,
ఫైలుకెక్కని తాయెత్తొకటి మొలతాడుకి,
ఆ తర్వాత రెండు నెలలు క్షయ మందులు.
కఫంలో క్రిమి లేదు, ఎక్స్‌రేలో మచ్చ లేదు.
చిక్కిపోతున్నాడుగా, మరింకేముంటుందని
వానాకాలం ఓపీ రద్దీలో మొదలెట్టేశారు.
ఆ కార్డు మీద సంతకం నాది.

ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.
రోజుకి ఎనిమిదిసార్లన్నాడు.
చెంబులు చెంబులు కొట్టినా కదలదు,
జిడ్డుగా తేలుతుంది.
పులుసు నాలిక్కి తగిలితే నిప్పు.
"ఇంకోటి. ఇది మీ జబ్బు కాదేమో గానీ,
పొద్దు గూకితే వల కన్ను కనపడదు.
మాయావిడ సూదికి దారమెక్కించి ఇత్తాది,
కంత ఎక్కడుందో తడుంకుంతాను."

వలలు బాగుచేసే మనిషికి సాయంత్రం కనబడకపోవడం
ఏ గడిలో రాయాలో తెలీక
మార్జిన్లో రాశాను.

"నాలుక చాపు."
కెరటం నాకి నాకి వదిలేసిన గులకరాయి.
ఎర్రగా, నున్నగా, ఎక్కడా గరుకన్నది లేకుండా.
ఎనిమిది నెలలుగా జవాబుని
నోట్లో పెట్టుకునే
పెద్దాసుపత్రి ఎత్తు ఎక్కి దిగుతున్నాడు.
మేమెవరం నోరు తెరవమనలేదు.

ఇక పరీక్షలు. తియ్యటి నీళ్ళు తాగించి
ఐదు గంటలు మూత్రం పట్టాం,
తీపి పేగు దాటి రానేలేదు.
గోధుమ పడని జబ్బు కాదంది రక్తం.
పురుగుల్లేవంది మలం.
గొట్టం దించి చిన్నపేగులోంచి
నూకంత ముక్కలు నాలుగు తీశాం.
పాథాలజీలో హైమవతి గారు
మైక్రోస్కోపు ముందు నుంచి జరిగి చోటిచ్చారు.
పేగు లోపల కొత్త తువ్వాలులా నూగుండాలి,
ఒక్కో పోగూ అన్నాన్ని అందుకునే వేలు.
ఇతనిది బండకేసి ఉతికి ఉతికి అరిగిన తువ్వాలు.
తినడం తింటూనే ఉన్నాడు పాపం,
ఒడ్డుకి చేరలేదంతే.

ట్రాపికల్ స్ప్రూ, అన్నాను.
"ఇస్క్రూనా? లూజైపోనాదేటి?"
దాదాపు అంతే.
ఎందుకొచ్చిందంటే పుస్తకాలూ నీళ్ళు నములుతాయి.
పేట కొళాయి కావచ్చు, కనబడని క్రిములు కావచ్చు.

పొద్దున ఒకటి రాత్రి ఒకటి డాక్సీ,
గ్లాసు నిండా నీళ్ళతో, వెంటనే పడుకోకూడదు.
బీ పన్నెండు సూది. కళ్ళకి విటమిన్ చుక్క.
గోరంత పసుపు మాత్ర, ఫోలిక్.
దాన్ని తిప్పి తిప్పి చూశాడు.
"ఇది మా కోడలు మింగింది కదా!
నాకిప్పుడు ఎన్నో నెల?"
వార్డంతా నవ్వింది. అప్పుడు నేనూ.

మందు పనిచేస్తేనే ఈ జబ్బు పేరు ఖాయం,
అందాకా అది ఊహే.
మొదటి ఊహా నాదే కాబట్టి
నాలుగు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు.
ఐదో రోజు సిస్టర్ ఫోను:
ఇరవై మూడో బెడ్డు రెండోసారి గంజి అడుగుతున్నాడు.
తొమ్మిదో రోజు నాలుక అంచున
సన్నిసుక లాంటి గరుకు.

నాలుగో నెల. మా కాటా యాభై రెండంది.
"దొంగ కాటా. హార్బర్లో యాభై నాలుగు."
రెండూ రాసుకున్నాను.
ఇంకో రెండు నెలలు మింగాలన్నాను.
పాత కార్డు తీసి ముందు పెట్టాడు.
"మరి ఆ ఉచ్చ ఎర్రగా పోసిన మందులు దేనికమ్మా?"
చెప్పాను. సంతకం ఎవరిదో కూడా చెప్పాను.
కార్డు కేసి చూశాడు, నా కేసి చూశాడు.
"మరి అప్పుడే సెప్పరేటి" అన్నాడు,
అంతే, ఇంకేమీ అనలేదు.

ఆరవుతోంది. లైట్లింకా వెయ్యలేదు.
డాల్ఫిన్ నోస్ వైపు ఆకాశం కమిలి ఉంది.
బల్ల కింద ఎక్కడో పడ్డ పెన్ను మూత కోసం
కాళ్ళతో తడుముతున్నాను.
అతను వంగి, తడుముకోకుండా,
తీసి బల్ల మీద పెట్టి
మందుల క్యూ వైపు నడిచాడు.